చేతినిండా పని ఉన్న ఇల్లు: ఒక ఇంటి డే కేర్‌లోని ఆటలపై సమీక్ష

ఒక మహిళ తన సొంత ఇంట్లోనే నడుపుతున్న డే కేర్ గురించి, అందులోనూ ముఖ్యంగా అక్కడ పిల్లలు ఆడే ఆటలు, చేసే పనుల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా అమ్మాయి కూర్చోవడం నేర్చిన వయసు నుంచి పగటిపూట అక్కడే పెరుగుతోంది. ఇప్పుడు బడికి వెళ్లే వయసుకు దగ్గరపడింది. పాకే పసివాళ్ల నుంచి నాలుగేళ్లు దాటినవాళ్ల వరకు కొద్దిమంది పిల్లలు మాత్రమే అక్కడ ఉంటారు. నిద్ర, భోజనం, రుసుము, వేళలు వంటి విషయాల జోలికి నేను వెళ్లడం లేదు. అవి ఎవరైనా అడిగి తెలుసుకోగలిగినవి. పిల్లలు మెలకువగా ఉన్న గంటల్లో వారి చేతులు ఏం చేస్తున్నాయన్నది మాత్రం కూర్చుని చూస్తే తప్ప తెలియదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ డే కేర్‌లో జరిగే మంచి పనులేవీ ఇంటికి రావు. తొట్టిలోని నీళ్లు పారబోస్తారు, బ్లాకులతో కట్టిన ఇళ్లు విప్పేస్తారు, పిండిబొమ్మలను మళ్లీ ఒకే ముద్దగా చేసి డబ్బాలో పెట్టేస్తారు. సంచిలో పెట్టి మా చేతికిచ్చే రంగు కాగితాలు మాత్రం అక్కడ జరిగేవాటన్నిటిలోకీ బలహీనమైనవి.

పిల్లల కోసం కేటాయించిన ముందు గదిలో, నాలుగేళ్ల పిల్లల భుజం ఎత్తుకు మించని అరలు రెండు గోడల వెంట ఉన్నాయి. ఒక్కో అర మీద రెండు మూడు వస్తువులే ఉంటాయి. ప్రతిదానికీ తనదైన ట్రే గానీ బుట్ట గానీ ఉంటుంది. మొదటిసారి వచ్చిన తల్లిదండ్రులకు గది బోసిపోయినట్టు కనిపించి, ఇక్కడ బొమ్మలే లేవా అన్న సందేహం కలగవచ్చు. బొమ్మలు ఉన్నాయి, లోపలి బీరువాలో ఉన్నాయి, పిల్లల ఆసక్తిని బట్టి నిర్వాహకురాలు వాటిని అప్పుడప్పుడు మారుస్తారు. అన్నిటినీ ఒకే పెద్ద పెట్టెలో కుమ్మరించిన చోట రెండేళ్ల బిడ్డ ఒక్కొక్కటీ తీసి పక్కన పడేయడంతోనే పొద్దు గడుపుతుంది. నాలుగైదు వస్తువులు విడివిడిగా కనిపిస్తున్నప్పుడు అదే బిడ్డ ఒకదాన్ని ఎంచుకుని, చాపమీద పెట్టుకుని, చాలాసేపు దానితోనే ఉంటుంది, ఆ తర్వాత ఎక్కడి నుంచి తీసిందో అక్కడే పెడుతుంది. 1907లో రోమ్ నగరంలోని సాన్ లొరెంజో పేటలో ఇటలీ వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి తెరిచిన బాలగృహం నుంచి ఎదిగిన పద్ధతిలో పిల్లల చేతికందే అరలకు అంత ప్రాధాన్యం ఉండటానికి కారణం ఇదేనని ఇక్కడ చూశాకే నాకు బాగా అర్థమైంది. అయితే ఈ ఇంటి గోడ మీద ఏ పద్ధతి పేరూ రాసి లేదు. అది నాకు నచ్చింది. పేరు తగిలించుకున్న చోట పేరుకు తగ్గ పనే జరుగుతోందో లేదో మళ్లీ విడిగా చూడాల్సి వస్తుంది.

ఇక నీళ్ల ఆట. ఈ డే కేర్‌ను నేను ఎందుకు ఇష్టపడుతున్నానో ఒక్క ముక్కలో చెప్పమంటే దీన్నే చూపిస్తాను. వరండాలో వెడల్పాటి, లోతు తక్కువ తొట్టి ఒకటి నేలమీద పెట్టి, అందులో కొద్దిగా నీళ్లు పోసి, పక్కన చిన్న చెంబులు, ఒక గరాటు, అడుగున చిల్లులున్న డబ్బా, స్పాంజి, సన్నటి పొడవాటి ప్లాస్టిక్ సీసా, వెడల్పాటి పొట్టి గిన్నె పెడతారు. ఏం చేయాలో ఎవరికీ చెప్పరు. ఏడాది దాటిన బిడ్డ అరచేత్తో నీళ్లను కొట్టి, ఎగిరిన తుంపర్లు ముఖం మీద పడగానే ఆగి, మళ్లీ కొడుతుంది. రెండేళ్ల బిడ్డ ఒక చెంబులోంచి మరో చెంబులోకి వంపుతూ, సగం కింద పోసుకుంటూ, మణికట్టును ఎంత వంచితే ధార ఎంత లావవుతుందో కనిపెడుతుంది. మూడు దాటినవాళ్లు చిల్లుల డబ్బాను ఎలాగైనా నింపాలని పంతం పట్టి, వేళ్లతో చిల్లులు మూసి, వేళ్లు చాలక పక్కవాళ్లను పిలుస్తారు. ఇద్దరు పిల్లలు ఒక పని మీద కలిసే ఆ క్షణాన్ని ఎవరూ ఏర్పాటు చేయలేదు. చిల్లులు నాలుగు వేళ్లకు మించి ఉండటం వల్ల అది జరిగింది.

పొట్టి గిన్నెలోని నీళ్లను సన్నటి పొడవాటి పాత్రలోకి పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయని చిన్నపిల్లలు నమ్ముతారనీ, పాత్ర మారినా పరిమాణం మారదన్న అవగాహన సుమారు ఏడేళ్ల వయసుకు గానీ కుదురుకోదనీ స్విట్జర్లాండ్ మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే తన పరిశీలనల్లో చూపించారు. ఆ నమ్మకాన్ని నేను ఇక్కడ కళ్లారా చూశాను. మా అమ్మాయి సీసా నింపి "నీళ్లు ఎక్కువైపోయాయి!" అని సంబరంగా చెప్పినప్పుడు, నిర్వాహకురాలు అది తప్పని చెప్పలేదు, అవునని కూడా అనలేదు. "అలాగా? మళ్లీ గిన్నెలో పోసి చూద్దామా తల్లీ?" అన్నారు. గిన్నెలో పోశాక నీళ్లు మళ్లీ తగ్గిపోయాయని మా అమ్మాయి తేల్చింది. అక్కడితో ఆవిడ ఊరుకున్నారు. బిడ్డ మనసు ఇంకా సిద్ధపడని విషయాన్ని మాటలతో ఒప్పిస్తే బిడ్డకు మిగిలేది ఆ మాటే. మళ్లీ మళ్లీ పోసి చూసే అలవాటు నిలిచి ఉంటే, ఒకరోజు తనంతట తానే అనుమానపడుతుంది. ఊరుకోవడం తేలికైన పని కాదని, పిల్లలతో కాసేపు గడిపిన ఎవరికైనా తెలుసు.

నీళ్ల ఆటను మెచ్చుకునేవాళ్లు నీళ్ల ప్రమాదాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. ముక్కు, నోరు మునిగేంత నీళ్లుంటే చాలు, రెండు అంగుళాల నీటిలో కూడా పసిబిడ్డ ప్రాణం పోవచ్చు. మునుగుతున్న బిడ్డ కేక వేయదు, చాలాసార్లు చప్పుడే ఉండదు. ఈ ఇంట్లో తొట్టిలో నీళ్లున్నంతసేపు నిర్వాహకురాలు పిల్లలకు చేతికందే దూరంలో పీట వేసుకుని కూర్చుంటారు, ఫోన్ తీయరు, లేవాల్సి వస్తే ముందు తొట్టిని బోర్లిస్తారు. ఆట మధ్యలో తలుపు కొట్టిన చప్పుడు విని, ఆవిడ మొదట తొట్టిని బోర్లించి, పిల్లలు గొల్లుమన్నా పట్టించుకోకుండా వాళ్లను వెంటబెట్టుకునే తలుపు దగ్గరికి వెళ్లడం చూశాక నాకు కలిగిన నమ్మకం, ఎన్ని ధ్రువపత్రాలు చూపించినా కలిగేది కాదు. నీళ్లలో ఉబ్బే రంగురంగుల పూసలను మాత్రం ఆవిడ ఇంట్లోకే రానివ్వరు. మింగితే అవి కడుపులోనూ ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా ఐదేళ్లలోపు పిల్లలున్న ఏ ఇంట్లోనూ వాటికి చోటు ఉండకూడదన్నది నా అభిప్రాయం కూడా.

బ్లాకుల మూల గురించి కూడా కొంత వివరంగా చెప్పాలి. ఇవి రంగు వేయని, నున్నగా చిత్రిక పట్టిన చెక్క దిమ్మెలు. 20వ శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో ఉపాధ్యాయురాలు కరొలైన్ ప్రాట్ రూపొందించిన యూనిట్ బ్లాకుల కొలతలనే ఇవి పాటిస్తాయి: మందం ఒక వంతయితే వెడల్పు 2 వంతులు, పొడవు 4 వంతులు, అంటే మూల దిమ్మె దాదాపు 3.5 సెంటీమీటర్ల మందం, 7 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మిగతావన్నీ దానిలో సగాలు, లేదా దానికి రెట్టింపులు. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పని మొదలుపెట్టిన, కిండర్‌గార్టెన్ విద్యకు ఆద్యుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, ఒక ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా విడదీసి మళ్లీ కలిపే పెట్టెను పిల్లల చేతికిచ్చిన నాటి నుంచి ఈ ఆలోచన సాగుతూనే ఉంది. భాగాలన్నీ ఒకే మూల కొలతకు కట్టుబడి ఉన్నప్పుడు లెక్క చేతిలోనే దొరుకుతుంది. గోడ కడుతున్న బిడ్డకు పొడవాటి దిమ్మెలు అయిపోతే, రెండు పొట్టివి పక్కపక్కన పెడితే సరిపోతుందని తెలుస్తుంది. సగం అనే మాటను ఎవరూ చెప్పకముందే రెండు సగాలు ఒకటవుతాయని ఆ బిడ్డ చేతికి తెలిసిపోయింది. కొలతలు పొసగని చవకరకం చెక్కముక్కల పెట్టెలో ఇది జరగదు. బ్లాకులు కొనేవాళ్లు రంగుల కంటే ముందు ఈ సంగతి చూడాలి.

మూడేళ్ల పిల్లవాడొకడు రెండు స్తంభాలు నిలబెట్టి వాటి మీద వంతెనలా దిమ్మె పెట్టబోతే, స్తంభాల మధ్య దూరం ఎక్కువై దిమ్మె పదే పదే కింద పడిపోయింది. నిర్వాహకురాలు చాలాసేపు చూస్తూ ఉన్నారు. వాడు ఏడుపు ముఖం పెట్టాక మాత్రం, పడిన దిమ్మెను తీసి రెండు స్తంభాల మధ్య నేలమీద పరిచారు. అంతకుమించి ఏమీ చేయలేదు. దిమ్మె అంచుకూ స్తంభానికీ మధ్య మిగిలిన ఖాళీని వాడు చూశాడు, స్తంభాన్ని లోపలికి జరిపాడు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే పరిశోధకులు మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకు చెక్కముక్కలతో పిరమిడ్ కట్టడంలో పెద్దవాళ్లు ఎలా సాయపడాలో పరిశీలించి, అటువంటి సాయాన్ని భవనానికి కట్టే పరంజాతో పోల్చారు: పని నిలబడేదాకా అవసరమైనంతే ఉండాలి, నిలబడ్డాక తీసేయాలి. ఆవిడ ఈ పరిశోధన చదివారో లేదో నేను అడగలేదు. చేతులు మాత్రం చదివిన చేతుల్లాగే పనిచేశాయి.

ఇంకో మంచి అలవాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సాయంత్రానికి పూర్తికాని కట్టడాన్ని విప్పించకుండా, గది మూలన బల్ల కింద అలాగే వదిలేస్తారు. మర్నాడు పొద్దున పిల్లలు చెప్పులు విప్పీ విప్పకముందే అటు పరుగెత్తుతారు. గంటకో పీరియడ్ మారే పెద్ద కేంద్రాల్లో ఇది కుదరదు. నిన్నటి పనిని నేడు కొనసాగించడం, ఆగిన చోటి నుంచి మళ్లీ ఆలోచించడం ఆ వయసులో ఎంత పెద్ద విషయమో ఆ పరుగు చూస్తే తెలుస్తుంది.

పిండిముద్దను నిర్వాహకురాలే పిల్లలతో కలిసి తయారుచేస్తారు. పిండి, నీళ్లు, కొద్దిగా నూనె, నిలవ ఉండటానికి ఉప్పు. కొలిచేది, పోసేది, కలిపేది పిల్లలే. ఉప్పు ఎక్కువగా ఉన్న ముద్దను పసివాళ్లు మింగితే ప్రమాదం కాబట్టి, ఇంకా ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసువాళ్లకు ఉప్పు వేయని ముద్దను విడిగా చేసి, ఆ రోజే పారేస్తారు. ఈ ఆటలో నాకు బాగా నచ్చిన పని కత్తెర. ముద్దను అరచేతుల మధ్య పామి తాడులా సాగదీసి, మొద్దుమొన కత్తెరతో ముక్కలుగా కత్తిరిస్తారు. కాగితంలా అటూ ఇటూ వంగిపోదు కాబట్టి పిండితాడు మొదటిసారి కత్తెర పట్టిన బిడ్డకు కూడా లొంగుతుంది. దానికి తోడు బట్టల క్లిప్పులను డబ్బా అంచుకు తగిలించడం, డ్రాపర్‌తో రంగునీళ్లు ఒక్కో చుక్కగా వేయడం వంటి పనులూ ఉన్నాయి. ఏడాదిన్నర బిడ్డ క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుంటుంది. బొటనవేలు, మరో రెండు వేళ్ల మధ్య నిలకడగా పట్టుకోవడం సాధారణంగా నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. ఆ మధ్యకాలంలో చేయాల్సిన పని ఈ పిసకడం, నొక్కడం, తిప్పడమే. మూడేళ్లకే అక్షరాలు దిద్దించడం లేదని ఇక్కడ కొందరు తల్లిదండ్రులు అసంతృప్తి చెందుతారు, ఒకరిద్దరు పిల్లలను మాన్పించారు కూడా. నేను నిర్వాహకురాలి పక్షమే. వేళ్లలో బలం రాకముందు పెన్సిల్ బలవంతంగా పట్టిస్తే బిడ్డ భుజం బిగిసిపోతుంది, రాత మీద విముఖత ముందుగానే మొదలవుతుంది.

కూర్చోగలిగి ఇంకా పాకని పసివాళ్ల కోసం ఒక లోతు తక్కువ వెదురు బుట్ట ఉంది. బ్రిటన్‌లో శిశువిద్య కోసం పనిచేసిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ ఇటువంటి బుట్టకు నిధి బుట్ట అని పేరు పెట్టారు. అందులో చెక్క గరిటె, మెత్తటి కుంచె, స్టీలు మూత, ముతక గుడ్డముక్క, నున్నటి పెద్ద గులకరాయి, తోలు సంచి వంటి ఇంటి వస్తువులే ఉంటాయి, ప్లాస్టిక్ బొమ్మలు ఉండవు. ప్లాస్టిక్ బొమ్మల ఆకారాలు ఎన్ని ఉన్నా చేతికి, నాలుకకు అన్నీ దాదాపు ఒకేలా తగులుతాయి. స్టీలు మూత చల్లగా ఉంటుంది, పట్టుకున్న కొద్దీ వెచ్చబడుతుంది, నేలకు కొడితే మోగుతుంది; రాయి బరువుగా ఉంటుంది; కుంచె గిలిగింతలు పెడుతుంది. మా అమ్మాయి ఆ వయసులో స్టీలు మూతను ఎన్ని విధాలుగా పరిశీలించేదో చూస్తే, దాన్ని ఇంట్లో మేమెప్పుడూ ఆమె చేతికి ఇవ్వనందుకు ఆశ్చర్యం కలిగేది. బుట్ట దగ్గర నిర్వాహకురాలు మాట్లాడరు, చేతికి అందివ్వరు, చూస్తూ పక్కనే ఉంటారు. ప్రతిసారీ వస్తువులను కడిగి, పగుళ్లు, ఊడే ముక్కలు ఉన్నాయేమో చూసి పెడతారు.

వేర్వేరు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉండటం ఇంటి డే కేర్‌కు పెద్ద బలం, పెద్ద చిక్కు కూడా. అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రచురించిన పరిశీలనలో, పిల్లల ఆట ఒంటరిగా ఆడటం, ఇతరులను చూస్తూ ఉండటం, పక్కపక్కనే ఎవరికి వారు ఆడుకోవడం వంటి దశల మీదుగా కలిసి ఆడటం వైపు సాగుతుందని వివరించారు. ఒకే వయసు పిల్లలున్న గదిలో అందరూ ఇంచుమించు ఒకే దశలో ఉంటారు. ఇక్కడ రెండేళ్ల బిడ్డకు తనకన్నా ఏడాదిన్నర పెద్దవాళ్ల ఆటను దగ్గరగా చూసే అవకాశం ఉంది. పెద్దవాళ్లకు చిన్నవాళ్ల చేయి పట్టి నెమ్మదిగా చూపించాల్సిన అవసరం ఉంది. చిక్కంతా చిన్న వస్తువులతోనే. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల భద్రతను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా ఇమిడిపోయే ఏ ముక్కైనా గొంతుకు అడ్డుపడగలదని లెక్క. నాలుగేళ్ల వాళ్లకు మంచి పని కల్పించే పూసలు, గుండీలు అన్నీ అందులో ఇమిడిపోయేవే. మాంటిస్సోరి గులాబీ గోపురంలో 10 ఘనాలు ఉంటాయి, పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది 1 సెంటీమీటరు. ఈ ఇంట్లో ఆ గోపురం ఉంది గానీ చివరి మూడు ఘనాలు మాత్రం పై అరలో, మూత ఉన్న డబ్బాలో ఉంటాయి. పసివాళ్లు నిద్రపోయే మధ్యాహ్నం వేళ పెద్ద పిల్లలకు వాటిని ఇచ్చి, గోపురాన్ని కొసదాకా కట్టనిస్తారు.

ఈ జాగ్రత్త మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. పూసల ట్రే ఒకటి కింది అరలో, పాకే బిడ్డకు అందేలా ఉండటం నేను గమనించి చెప్పాను. ఆవిడ నొచ్చుకోకుండా విని, ఆ రోజే మార్చారు. పూసలు, గుండీలు ఇప్పుడు ఎత్తు బల్ల దగ్గరే, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకునే పద్ధతిలో ఉంటాయి. బటన్ బ్యాటరీలు, చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు ఉన్న బొమ్మలు మాత్రం ఏ వయసువారికీ లేవు. మింగిన బటన్ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు, రెండు అయస్కాంతాలు మింగితే పేగు గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని చిల్లులు పెట్టగలవు. మీరు మీ పిల్లలను ఎక్కడ చేర్చినా ఈ రెండింటి గురించి ముందే అడగండి.

ఇంటి పనుల విషయంలో పెద్ద కేంద్రాలు ఈ ఇంటితో పోటీపడలేవు. ఆరిన బట్టల్లోంచి మేజోళ్ల జతలు కలపడం, డబ్బాలకు సరైన మూతలు వెతకడం, కుండీలకు నీళ్లు పోయడం, ఒలికినదాన్ని గుడ్డతో తుడవడం ఇక్కడ ఆటగా నటించే పనులు కావు, ఆ ఇంటికి నిజంగా కావలసిన పనులు. చేసిన పని ఎవరికో ఉపయోగపడిందని పిల్లలకు తెలుస్తుంది. తినే వేళకు పళ్లేలు పెట్టే బాధ్యత మా అమ్మాయికి వచ్చినప్పుడు, ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి పెట్టి, ఒకరికి తక్కువైతే పరుగున వెళ్లి తెచ్చేది. ఐదు దాకా వరసగా లెక్కపెట్టడం ఆమెకు అప్పటికే వచ్చు. కానీ "మొత్తం ఎన్ని?" అని అడిగితే జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేది. చివర చెప్పిన అంకే మొత్తం సంఖ్య అన్న ఎరుక చాలామంది పిల్లలకు మూడున్నర, నాలుగేళ్ల మధ్య కుదురుతుంది. మా అమ్మాయికి అది అంకెల పుస్తకం దగ్గర కుదరలేదు, పళ్లేల దగ్గర కుదిరింది.

ఇప్పుడు లోటు గురించి. వారాంతానికి ముందురోజు ప్రతి బిడ్డ సంచిలో ఒక కాగితం వస్తుంది: సీతాకోకచిలుక, పువ్వు, చేప, ఇల్లు. ముక్కలు ముందే కత్తిరించి ఉంటాయి, ఎక్కడ అతికించాలో గీతలు ముందే గీసి ఉంటాయి. అందరి సీతాకోకచిలుకలూ ఒకటే. ఆ కాగితం తయారయ్యే గంటలో నేను ఒకసారి అక్కడున్నాను. కన్నును రెక్క మీద అతికించబోయిన బిడ్డ చేతిని నిర్వాహకురాలు పట్టుకుని తల మీదికి జరిపించారు. నీళ్ల తొట్టి దగ్గర అంత ఓపికగా ఊరుకునే మనిషి, వంతెన పడిపోతున్నా చెయ్యి వేయని మనిషి, ఇక్కడ బిడ్డ చేతిని తన చేత్తో నడిపించడం నాకు బాధ కలిగించింది. అదే గదిలో అదే జిగురును, అవే రంగు ముక్కలను ట్రేలో పెట్టి వదిలేస్తే పిల్లలు తమకు తోచినది అతికించుకునేవారు. అది దేనిలా ఉందో పెద్దవాళ్లకు అర్థం కాకపోవచ్చు, అయినా ఆ చేతి పని పూర్తిగా ఆ బిడ్డదే అయ్యుండేది.

ఈ మాట ఆవిడతోనే అన్నాను. కాగితాలు లేని వారాల్లో తల్లిదండ్రులు వచ్చి, ఈ వారం ఏమీ చేయించలేదా అని అడుగుతారని చెప్పారు. ఆ జవాబులో నిజం ఉంది కాబట్టి తప్పంతా ఆవిడ మీద వేయలేను. పిల్లలు రోజంతా ఏం చేశారో తెలుసుకోవాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే. దాన్ని తీర్చే మార్గమే మారాలి. ఒక్కో బిడ్డ గురించి వారానికి ఒక వాక్యం రాసి ఇవ్వమని సూచించాను. ఇప్పుడు కొందరి విషయంలో మొదలుపెట్టారు. "ఈ రోజు మూతలన్నీ డబ్బాలకు సరిపెట్టింది, ఒకటి మిగిలితే దాని డబ్బా కోసం వంటగదిలోకి వెళ్లింది" అన్న వాక్యం నాకు అందిన రోజున, పది సీతాకోకచిలుకలు చెప్పలేని సంగతి మా అమ్మాయి గురించి తెలిసింది. అయినా కాగితాలు ఇంకా వస్తూనే ఉన్నాయి, అవి ఆగేదాకా ఈ విషయంలో నాకు తృప్తి లేదు.

బయటి ఆట కూడా చాలదు. ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకు రోజులో కనీసం 180 నిమిషాలు రకరకాల శారీరక కదలిక ఉండాలనీ, మూడు నాలుగేళ్ల వాళ్లకు అందులో 60 నిమిషాలైనా బాగా ఊపిరి వేగం పెంచే ఆట ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వరండా, చిన్న పెరడు ఉన్న ఇంట్లో ఎక్కడం, దూకడం, పరుగెత్తడం కొంతవరకే సాధ్యం. వాన పడే రోజుల్లో అది కూడా తగ్గిపోతుంది. దిండ్లు, పరుపులు వేసి గదిలోనే ఎక్కి దిగే ఆటలు పెడుతున్నారు గానీ, నాలుగేళ్ల పిల్లల కాళ్లకు అవి సరిపోవు. మేము సాయంత్రాలు మైదానానికి తీసుకెళ్లి ఆ లోటు పూడ్చుకుంటున్నాం. టీవీ, ఫోన్ తెరలు మాత్రం ఆ ఇంట్లో పిల్లలున్నంతసేపు వెలగవు. పాటలు, కథలు బాగానే ఉన్నాయి. పుస్తకాలు తక్కువ, ఉన్నవాటిలో కొన్ని చిరిగినవి.

చేతిలో షెడ్యూల్ ఉండాలి, నెల నెలా ఏ అక్షరాలు, ఏ అంకెలు వచ్చాయో లెక్క తెలియాలి అనుకునే తల్లిదండ్రులకు ఈ చోటు నచ్చదు. మిగతావారికి మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఇటువంటి ఇంటి డే కేర్‌ను చూడటానికి వెళ్లేవారు, చేర్చుకునే రోజున కాకుండా, పిల్లలు ఆటలో మునిగి ఉండే పొద్దుటి వేళ వెళ్లి, కుర్చీలో కాకుండా నేలమీద కూర్చుని చూడండి. బిడ్డ తడబడినప్పుడు పెద్దవాళ్ల చేయి ఎంత తొందరగా ముందుకొస్తుందో గమనించండి. నీళ్ల తొట్టి, చిన్న వస్తువులు, బ్యాటరీల గురించి అడగండి. నిర్వాహకురాలికి జ్వరం వచ్చిన రోజున పిల్లల దగ్గర ఎవరుంటారని కూడా అడగండి. ఒక్క మనిషి మీదే నడిచే ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. ఇక్కడ కూడా ఇంకా దొరకలేదు. శిక్షణ ఉన్న రెండో మనిషిని పెట్టుకుంటానని ఆవిడ చెబుతున్నారు, అప్పటిదాకా అటువంటి రోజుల్లో పిల్లలను ఎక్కడ ఉంచాలో తల్లిదండ్రులే ముందుగా చూసుకోవాలి.